క్యాంపు అంటే ఏమిటి? సవానా గుడారం నుంచి సుందర్‌బన్ పడవ దాకా

"నాన్నగారు క్యాంపుకి వెళ్ళారు." ఈ మాట మన ఇళ్ళలో వినపడని నెల ఉండదు. బడి ఫారం మీద సంతకం కావలసివచ్చినా, ఊరినుంచి తాతయ్య ఫోను చేసినా ఇదే జవాబు. రైల్వేవాళ్ళ ఇళ్ళలో, బ్యాంకువాళ్ళ ఇళ్ళలో, సర్వే ఆఫీసువాళ్ళ ఇళ్ళలో ఒకటే మాట. నిజానికి నాన్నగారు ఉన్నది ఏ ఖరగ్‌పూర్ రెస్ట్‌హౌస్‌లోనో, భువనేశ్వర్ గెస్ట్‌హౌస్‌లోనో. అక్కడ గుడారమూ ఉండదు, మేకులూ తాళ్ళూ ఉండవు. మరి క్యాంపు అని ఎందుకు అంటాం?

ఎందుకంటే ఒకప్పుడు అది నిజంగా గుడారమే. దొరల కాలంలో మద్రాసు రాజధానిలోని జిల్లా కలెక్టర్లు ఏటా జమాబందీ కోసం ఊళ్ళు తిరిగేవారు. శిస్తు లెక్కలు చూడడం, రైతుల మొర వినడం అన్నీ ఊరిబయట తోపులో వేసిన డేరాలోనే జరిగేవి. గుమాస్తాలు, బంట్రోతులు, వంటవాళ్ళు, ఎడ్లబళ్ళు వెంట నడిచేవి. డేరాలు పోయాయి కాని మాట మిగిలింది. ఇప్పటికీ పెద్ద అధికారి ఇంటి దగ్గర నడిపే కార్యాలయాన్ని "క్యాంపు ఆఫీసు" అంటున్నాం.

మన పెద్దలు ఉద్యోగం కోసం తప్పక పడుకున్న గుడారంలో పడుకోవడానికి ఇవాళ లోకం నలుమూలల నుంచి జనం ఆఫ్రికాకి వెళుతున్నారు. ఒక్క రాత్రికి మనిషికి అర లక్ష, లక్ష రూపాయలు తీసుకునే గుడారాలు కెన్యాలో, టాంజానియాలో, బోట్స్‌వానాలో ఉన్నాయి. అందులో అంత ఏముంది? సింహాలు తిరిగే చోట గుడ్డ గోడల మధ్య నిద్రపోవడం ఎలా కుదురుతుంది? మనం ఉంటున్న కలకత్తాకి దగ్గరలో అలాంటిది ఉందా? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు వెతుకుదాం.

సఫర్ నుంచి సఫారీ

"సఫారీ" స్వాహిలీ భాషలోని మాట. అర్థం ప్రయాణం. అరబ్బీ "సఫర్" నుంచి వచ్చింది. హిందీ క్లాసులో మనం చదివే "సఫర్" కూడా అదే. మొదట్లో వర్తకులు సరుకులతో చేసే దూర ప్రయాణాన్నే సఫారీ అనేవారు. తరువాత అది దొరల వేటయాత్రకి పేరయింది. 1909లో అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన వెంటనే థియొడోర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకి వేటకి వెళ్ళాడు. గుడారాలు, పెట్టెలు, పుస్తకాలు, ఉప్పు మూటలు వందలాది కూలీలు నెత్తిన మోశారు. ఆ ఉప్పు వంటకి కాదు, చంపిన జంతువుల తోళ్ళు పాడవకుండా పట్టించడానికి.

కెన్యా 1977లో వేటని నిషేధించింది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. గుడారం మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి మంచి కారణాలే ఉన్నాయి.

మొదటిది నేల. అడవిలో ఇటుక, సిమెంటు వేసి కట్టితే ఆ కట్టడాన్ని తీసేసినా పునాది మిగిలిపోతుంది. గుడారాన్ని విప్పితే నాలుగు వానలకి అక్కడ గడ్డి మొలుస్తుంది. అందుకే అనేక రక్షిత ప్రాంతాల్లో గుడారాలకే మొగ్గు చూపుతారు. రెండోది జంతువుల కదలిక. సెరెంగెటి మైదానంలో పది లక్షలకి పైగా విల్డబీస్టులు గడ్డిని వెతుక్కుంటూ ఏడాది పొడవునా చుట్టూ తిరుగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన దూడల్ని ఈనుతాయి. జూలై దాటాక ఉత్తరాన మారా నది దాటుతాయి. వాటి వెంట కొన్ని క్యాంపులు కూడా మూటలు కట్టుకుని మకాం మారుస్తాయి. బదిలీ ఉద్యోగమన్నమాట!

గుడ్డ గోడల వెనుక

ఖరీదైన గుడారం అంటే స్కౌట్లు, ఎన్‌సీసీ వాళ్ళు వేసుకునే చిన్న డేరా కాదు. నేలకి రెండడుగుల ఎత్తున చెక్కబల్ల, దాని మీద మందపాటి కాన్వాసు గది. మంచం, మేజా, వెనక స్నానాలగది కూడా ఉంటాయి. ఎండ నేరుగా తగలకుండా పైన ఇంకో గుడ్డ కప్పు ఉంటుంది. ఈ రెంటి మధ్య గాలి ఆడుతుంది కనుక లోపల చల్లగా ఉంటుంది. కరెంటు చాలాచోట్ల సూర్యుడి నుంచే. పాతకాలపు పద్ధతి పాటించే క్యాంపుల్లో స్నానానికి వేడినీళ్ళు కట్టెల మీద కాచి, బకెట్టులో పోసి, తాడుతో గుడారం వెనక పైకి లాగుతారు. అడుగున బిగించిన జల్లు తిప్పితే నీళ్ళు పడతాయి. బకెట్టు అయిపోతే స్నానం అయిపోయినట్టే.

చాలా క్యాంపులకి కంచె ఉండదు. రాత్రి ఏనుగులు గుడారాల మధ్య నుంచే నడిచి వెళ్ళవచ్చు. నది పక్కన అయితే చీకటి పడ్డాక నీటి ఏనుగులు గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి. మరి భయం లేదా? ఉంది. అందుకే నియమాలున్నాయి. జంతువు కళ్ళకి గుడారం ఒక పెద్ద బండలాంటిది. లోపల మనిషి ఉన్నాడని వాసన తెలిసినా, జిప్పు మూసి ఉండి, తినే వస్తువుల వాసన రాకపోతే సాధారణంగా దాని జోలికి రాదు. కనుక గుడారంలో బిస్కెట్టు కూడా పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ముందు వచ్చేవి సింహాలు కాదు, కోతులు. చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి రాకూడదు. భోజనానికి వెళ్ళాలన్నా టార్చి పట్టుకుని కాపలాదారు వచ్చి తీసుకుపోతాడు. అతను చాలాసార్లు ఆ ప్రాంతపు మసాయి మనిషే అయి ఉంటాడు.

పగలు జీపులో తిరిగేటప్పుడు కూడా ఇదే సూత్రం. జీపునీ, అందులో కూర్చున్నవాళ్ళనీ కలిపి జంతువు ఒకే ఆకారంగా చూస్తుంది. ఎవరైనా లేచి నిలబడితే ఆ ఆకారం చెదిరి, మనిషి విడిగా కనబడతాడు. అందుకే "కూర్చోండి" అని గైడు పదేపదే చెబుతాడు. తెల్లవారకముందే టీ ఇచ్చి లేపడానికీ కారణముంది. వేటాడే జంతువులు చల్లటి వేళల్లోనే తిరుగుతాయి. ఎండెక్కాక సింహం నీడన పడుకుంటుంది. అతిథి కూడా గుడారంలో పడుకుంటాడు.

ఆ డబ్బు ఎవరికి?

ఇంత ఖర్చు పెట్టి వచ్చే అతిథి వల్ల అక్కడివాళ్ళకి ఏం ఒరుగుతుంది? అడగవలసిన ప్రశ్న ఇదే.

సెరెంగెటిని 1951లో జాతీయవనం చేశారు. 1959లో అక్కడ పశువులు మేపుకునే మసాయిలను ఆ వనం నుంచి గొరోంగోరో వైపు పంపేశారు. జంతువులకి చోటు దొరికింది, మనుషులకి చోటు పోయింది. తరువాత కెన్యాలోని మారా ప్రాంతంలో వేరే దారి వెతికారు. మసాయి కుటుంబాలు తమ భూముల్ని కలిపి "కన్సర్వెన్సీ"లుగా ఏర్పరచి క్యాంపులకి కౌలుకి ఇస్తున్నాయి. నెలనెలా కౌలు డబ్బు కుటుంబాలకి అందుతుంది. బదులుగా వాళ్ళు ఆ భూమికి కంచెలు వేయరు, పశువుల్ని ఒక పద్ధతి ప్రకారం మేపుతారు. జంతువులకీ దారి ఉంటుంది, ఇంటికీ డబ్బు వస్తుంది. దీనిలోనూ ఇబ్బంది లేకపోలేదు. 2020లో కరోనా వచ్చి అతిథులు ఆగిపోయేసరికి కౌలు డబ్బు కూడా తగ్గింది. ఎక్కడో విమానం ఆగితే ఇక్కడ ఒక ఇంట్లో బడి ఫీజు ఆగుతుంది.

కలకత్తా నుంచి బయలుదేరిన పెద్ద క్యాంపు

గుడారాల వైభవం ఆఫ్రికాలో పుట్టిందేమీ కాదు. మన దేశంలో మొగలాయి పాదుషాలకి రెండు జతల గుడారాలు ఉండేవి. ఒక జతలో ఈ రాత్రి పడుకుంటే రెండో జత రేపటి మకాముకి ముందుగా వెళ్ళేది. ఆ పద్ధతిని ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు.

1837 అక్టోబరులో గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రభువు కలకత్తా నుంచి బయలుదేరాడు. వెంట ఇద్దరు చెల్లెళ్ళు, ఎమిలీ, ఫానీ. కాశీ దాకా నది మీద వెళ్ళి, అక్కడి నుంచి గుడారాలతో సిమ్లా వైపు నడక సాగించారు. ఎమిలీ రాసిన ఉత్తరాలు 1866లో పుస్తకంగా వచ్చాయి. ఆమె లెక్క ప్రకారం ఆ క్యాంపులో 850 ఒంటెలు, 140 ఏనుగులు, కొన్ని వందల గుర్రాలు, మొత్తం 12,000 మంది మనుషులు. ఒక ఊరే నడిచిందనుకోండి. వీళ్ళ ఇంటిపేరు ఈడెన్. మనం క్రికెట్ చూసే ఈడెన్ గార్డెన్స్‌కి ఆ పేరు వాళ్ళదే.

ఆ శీతకాలంలోనే కాన్పూరు చుట్టుపక్కల ఘోరమైన కరువు. వానలు లేవు, పంటలు లేవు. ఎముకల గూళ్ళలా ఉన్న పిల్లలు క్యాంపు దగ్గరికి వచ్చారని ఎమిలీ రాసింది. అన్నం పెట్టారు, కొందరిని ఆదుకున్నారు. కాని 12,000 మందికీ, వేల పశువులకీ తిండి కావాలంటే ఆ తిండి కూడా చుట్టుపక్కల ఊళ్ళ నుంచే రావాలి కదా! గుడారం ఎంత అందమైనదైనా అది ఒకరి నేల మీద వేసినదే, ఒకరి నీళ్ళు తాగేదే. నిజమైన లెక్క అక్కడ మొదలవుతుంది.

సుందర్‌బన్‌లో గుడారం ఎందుకు వేయరు?

ఇక మన దగ్గరికి వద్దాం. కలకత్తా నుంచి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు పోతే గోద్‌ఖాలీ రేవు వస్తుంది. సియాల్దా నుంచి క్యానింగ్ దాకా లోకల్ రైలులో వెళ్ళి, అక్కడి నుంచి బండి ఎక్కీ చేరవచ్చు. ఆ తరువాత దారి లేదు, నీరే. పడవ ఎక్కితే గోసాబా, ఆపైన సజ్నేఖాలీ. అదే సుందర్‌బన్. 1973లో పులుల రక్షణ ప్రాంతమైంది, 1984లో జాతీయవనమైంది, 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన దేశపు భాగంలో సుమారు వంద పులులున్నాయి.

ఇక్కడి చెట్లు మనకి కొత్త కాదు. కాకినాడ పక్కన కోరంగిలో ఉన్న మడ అడవులు ఇవే జాతి. మన తెల్ల మడ, నల్ల మడలకి దగ్గరి చుట్టాన్ని ఇక్కడ బాయిన్ అంటారు, మన తిల్ల చెట్టుని గెంవా అంటారు. కోరంగిలో తిరిగే బావురు పిల్లి ఇక్కడ "మేఛో బిడాల్", అంటే చేపల పిల్లి. అది పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువు కూడా. కోరంగిలో పులి లేదు, ఇక్కడ ఉంది. తేడా అంతా అక్కడే.

ఈ అడవిలో ఆఫ్రికాలో మాదిరి గుడారం వేయలేరు. మొదటి కారణం నీరు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. బెంగాలీలో జోవార్, భాటా. ఉదయం నడవగలిగిన ఒడ్డు మధ్యాహ్నానికి నిలువులోతు నీటిలో ఉంటుంది. రెండోది బురద. ఉప్పునీటి బురదలో గాలి ఆడదు కనుక మడ చెట్లు శ్వాసవేళ్ళని మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. అడుగు వేయడమే కష్టం, గుడారపు మేకు దిగితే నిలవదు. మూడోది పులి. సవానాలో దూరం నుంచి సింహం కనబడుతుంది. ఇక్కడ పది అడుగుల్లో ఉన్న పులి కూడా ఆకుల వెనక కనబడదు. పైగా అది నదుల్ని ఈదుతుంది. నాలుగోది తుపాను.

అందుకే అతిథులు అడవి నేల మీద బస చేయరు. ఊళ్ళున్న దీవుల్లోని లాడ్జీల్లోనో, నది మధ్య లంగరు వేసిన పడవలోనో పడుకుంటారు. సుధన్యఖాలీ లాంటి కావలి గోపురాల దగ్గర మాత్రమే దిగనిస్తారు. అక్కడ ఒక మంచినీటి చెరువు తవ్వి ఉంచారు. జంతువులు నీళ్ళకి వస్తాయి. చుట్టూ వల కట్టి ఉంటుంది, కాని వల లోపల ఉండేది మనం. జూలో జంతువు బోనులో ఉంటుంది, సుందర్‌బన్‌లో మనిషి బోనులో ఉంటాడు. గుర్తింపు కార్డు, అనుమతి పత్రం, అటవీశాఖ గుర్తించిన గైడు తప్పనిసరి. పులి కనబడడం అరుదు. చాలామందికి దాని అడుగుజాడలే దొరుకుతాయి. మొసలి, జింక, లకుముకి పిట్టలు మాత్రం నిరాశపరచవు.

మనం వెళ్ళిపోయాక

సుందర్‌బన్ దీవుల అంచుల్లో, మన వైపు, 40 లక్షలకి పైగా జనం ఉంటున్నారు. ఆదివారం మనం పడవలో నుంచి కెమెరాతో చూసే అడవిలోకి వాళ్ళు సోమవారం చేపలకీ, పీతలకీ వెళతారు. వేసవి మొదట్లో మౌలీలు తేనెకి వెళతారు. పులి వెనక నుంచి దూకుతుంది కనుక 1986లో తల వెనక మనిషి ముఖం ముసుగు తగిలించుకునే ఉపాయం పెట్టారు. కొంతకాలం పనిచేసింది, తరువాత పులులకీ అది అలవాటైంది. ఊళ్ళ వైపున్న అడవి అంచుల్లో నైలాను వలలు కట్టారు. అయినా పులి వల్ల భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళని "బాఘ్ బిధోబా" అంటారు, పులి వితంతువులని.

అడవిలో అడుగుపెట్టేముందు హిందువులూ ముస్లిములూ కూడా బోన్‌బీబీని తలుచుకుంటారు. ఆమె అడవి తల్లి. ఆమె కథ చెప్పే బెంగాలీ పుస్తకం పుటలు అరబ్బీ పుస్తకంలా కుడి నుంచి ఎడమకి తెరుచుకుంటాయి. ఆ కథలో దుఖే అనే పేద పిల్లవాణ్ణి తేనె మీద ఆశతో పెదనాన్న వరస అయినవాడు పులి రూపంలోని దక్షిణ్‌రాయ్‌కి వదిలేస్తాడు. బోన్‌బీబీ కాపాడుతుంది. అవసరం ఉన్నంతే తీసుకో, ఆశ పడకు, ఉత్త చేతులతో రా అని అక్కడివాళ్ళ నమ్మకం. ఇది తేనె తీసేవాళ్ళకి చెప్పినమాటే అయినా అతిథికీ సరిగ్గా సరిపోతుంది.

తుపాను సంగతీ చెప్పుకోవాలి. "సైక్లోన్" అనే ఇంగ్లీషు మాటని తయారుచేసినవాడు కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. 1848లో అచ్చయిన ఆయన పుస్తకంతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. 1789లో మన కోరంగిని సముద్రపు అలలు ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉపద్రవాన్ని ఆయన నమోదు చేశాడు. అలాంటిది మాత్లా నది ఒడ్డునా రావచ్చు, అక్కడ రేవు కట్టవద్దని 1853లోనే హెచ్చరించాడు. వినకుండా క్యానింగ్ రేవు కట్టారు. 1867లో తుపాను దాన్ని పాడుచేసింది. రేవు పోయింది, రైలు మాత్రం మిగిలింది. మనం ఎక్కే క్యానింగ్ లోకల్ ఆ దారిదే. 2009 మేలో ఐలా, 2020 మేలో ఆంఫాన్ వచ్చినప్పుడు మట్టికట్టలు తెగి ఉప్పునీరు పొలాల్లోకి వచ్చింది. ఉప్పు పట్టిన పొలంలో వరి పండదు. పండకపోతే రైతు పీతలకి అడవిలోకి వెళతాడు, పులి వాత పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ గాలి జోరుని మడ అడవే ముందుగా ఎదుర్కొంటుంది. లేకపోతే ఆ దెబ్బ కలకత్తాకి ఇంకా గట్టిగా తగిలేది.

కనుక అక్కడికి వెళ్ళే మనం ఏం చేయగలం? ఆ ఊరి పడవ, ఆ ఊరి గైడు, ఆ ఊరి వంట ఎంచుకోవచ్చు. గైడుగా పని దొరికిన కుర్రవాడికి పీతల కోసం అడవిలోకి వెళ్ళే అవసరం తగ్గుతుంది. తేనె కొనేటప్పుడు బేరం కొంచెం తగ్గించుకోవచ్చు. పడవలో పాటలు మోగించకుండా, ప్లాస్టిక్ కవరు నీటిలో వేయకుండా ఉండడం ఎలాగూ తప్పనిసరి. పులి కనబడలేదని గైడు మీద విసుక్కోకపోవడం ఇంకా మంచిది.

బదిలీ ఉద్యోగుల పిల్లలం కనుక మనకి ఈ పని కొంత తేలిక. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు అమ్మ గోడలకి కొట్టిన మేకులు తీసి, గదులు ఊడ్చి, తాళం అప్పగించడం మనం చాలాసార్లు చూశాం. తరువాత వచ్చేవాళ్ళు ఎవరో మనకి తెలియదు. అయినా శుభ్రం చేసే వెళతాం. గుడారానికైనా, పడవకైనా, అడవికైనా అతిథి పాటించవలసిన పద్ధతి అదే.